చక్రానికి రంగు: పౌడర్ కోటింగా, స్ప్రే పెయింటింగా?

లోహంతో చేసిన ఏ వస్తువైనా గాలికీ, నీటికీ, ఉప్పుకూ లొంగి క్రమక్రమంగా క్షీణిస్తుంది. ఇనుముకు తుప్పు, రాగికి చిలుము, అల్యూమినియానికి తెల్లని బూడిద వంటి పొర. పేర్లు వేరైనా జరిగేది ఒక్కటే. భూగర్భంలో ఇతర మూలకాలతో కలిసి ఖనిజరూపంలో ఉన్న లోహాన్ని మానవుడు ఎంతో శక్తిని వెచ్చించి విడదీసి తెచ్చుకున్నాడు. అవకాశం దొరికిన మరుక్షణమే ఆ లోహం తన పూర్వస్థితికి మరలిపోవడానికి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయాణాన్ని ఆపడం మన వల్ల కాదు. ఆలస్యం చేయడం మాత్రమే సాధ్యం. పూత చేసే పని అదే.

మన ఊళ్ళలో రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పోసే పనివారిని చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ పనిలోని క్రమాన్ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకుంటే ఈ వ్యాసంలోని విషయం సగం బోధపడుతుంది. కళాయి పనివాడు ముందుగా పాత్రకు పట్టిన జిడ్డును, చిలుమును గీకి, తోమి, శుభ్రం చేస్తాడు. పిమ్మట పాత్రను నిప్పులపై కాచి నవాసారం పొడి చల్లుతాడు. ఉర్దూలో దానినే నౌషాదర్ అంటారు. తెల్లని పొగ లేస్తుండగా లోహపు ముఖం మరింత నిర్మలమవుతుంది. అప్పుడు తగరాన్ని తాకించి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పరుస్తాడు. శుద్ధి, వేడి, పూత అనే ఈ మూడు మెట్లలో ఏ ఒక్కటి తప్పినా కళాయి నిలువదు. కళాయి పోయిన పాత్రలో చింతపండు పులుసు కాచకూడదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. అక్కడ పూత అలంకారం కాదు. తినేవారి ఆరోగ్యానికి కవచం.

కారు చక్రానికి వేసే పూతను గురించి కూడా ఈ దృష్టితోనే ఆలోచించవలసి ఉంటుంది. చక్రానికి రంగు వెలిసిపోయినప్పుడు, ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకొని గీతలు పడినప్పుడు, యజమాని షెడ్డుకు వెళ్ళి అడిగే మొదటి ప్రశ్న "పౌడర్ కోటింగ్ మంచిదా, స్ప్రే పెయింటింగ్ మంచిదా?" అన్నది. దీనికి ఒక్క మాటలో సమాధానం లేదు. చక్రం దేనితో తయారైనది, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది, పని చేసే చేతులు ఎటువంటివి అన్న మూడు విషయాలు తేలిన తరువాతనే ఏ పూత అన్న ప్రశ్న వస్తుంది. పైగా పూతకు రెండు స్వభావాలున్నాయి. అది రక్షిస్తుంది, అది దాస్తుంది కూడా. తుప్పును రాకుండా ఆపే పొరయే చీలికను కంటికి కనపడకుండా కప్పివేయగలదు. కుటుంబమంతా కూర్చున్న వాహనపు బరువును మోసేది నాలుగు చక్రాలే కనుక, ఈ ఎంపికను అందచందాల విషయంగా మాత్రమే చూడడం తగదు.

ముందుగా చక్రపు లోహాన్ని గురించి తెలుసుకొందాం. సాధారణంగా కార్లకు రెండు రకాల చక్రాలుంటాయి. మొదటిది ఉక్కు రేకును అచ్చులో నొక్కి, అతికి చేసిన ఉక్కు చక్రం. తక్కువ ధర కార్లకు, ట్యాక్సీలకు తరచుగా ఇవే ఉంటాయి. ఇవి దెబ్బ తగిలితే వంగుతాయి కాని తొందరగా చీలవు. అయితే తుప్పు పడతాయి. రెండవది అల్లాయ్ వీల్ అని అందరూ పిలిచే అల్యూమినియం మిశ్రలోహపు చక్రం. దీనిలో అల్యూమినియంతోపాటు సుమారు 7 శాతం సిలికాన్, స్వల్పంగా మెగ్నీషియం కలిసి ఉండడం పరిపాటి. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి దీనిని తయారుచేస్తారు. అంతటితో అది తగినంత బలాన్ని పొందదు. దానిని సుమారు 540 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచి, నీటిలో చల్లార్చి, మళ్ళీ సుమారు 150 నుంచి 170 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. లోహశాస్త్రంలో ఈ సంస్కారాన్ని టి-6 అని వ్యవహరిస్తారు. చల్లార్చిన లోహంలో మెగ్నీషియం, సిలికాన్‌ల అతిసూక్ష్మమైన కణాలు ఈ రెండవ వేడిలోనే ఏర్పడి చక్రానికి దృఢత్వాన్నిస్తాయి. అనగా అల్లాయ్ చక్రపు బలం దాని లోహంలో ఎంత ఉన్నదో, అది పొందిన వేడి చరిత్రలోనూ అంతే ఉన్నది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే తరువాతి చర్చ సులభమవుతుంది.

ఇక స్ప్రే పెయింటింగ్ సంగతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, టొలీడో నగరంలో, ఆలెన్ డివిల్‌బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లడానికి ఒక తుంపర సాధనాన్ని 19వ శతాబ్ది చివరి భాగంలో రూపొందించాడు. ఆయన కుమారుడు టామస్ 1907లో అదే సూత్రంతో రంగు చల్లే గన్‌ను తయారుచేశాడు. 1920లలో నైట్రోసెల్యులోజ్ రంగులు వచ్చిన పిమ్మట, అంతకు ముందు ఆరడానికి వారాలు పట్టిన కార్ల రంగు గంటలలో ఆరసాగింది. నేడు చక్రాలకు మేలైన షెడ్లలో వాడేది రెండు భాగాల పాలియురెథేన్ రంగు. ఒక డబ్బాలో రంగు, మరొక డబ్బాలో హార్డెనర్ ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు రెండింటిని కలుపుతారు. దీనికి మూలమైన రసాయన విధానాన్ని జర్మనీలో ఓటో బేయర్ 1937లో కనుగొన్నాడు.

ఈ పద్ధతిలో ముందుగా ప్రైమర్, దానిపై అసలు రంగు, దానిపై పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తారు. రంగును పలుచబరచడానికి థిన్నర్ కలుపుతారు. చల్లిన తరువాత థిన్నర్ ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మిగిలినది గట్టిపడి పొర అవుతుంది. ఇది గది వేడిలోనే గట్టిపడగలదు. త్వరగా కావాలంటే 60 డిగ్రీల వేడి చాలు. ఆ వేడికి చక్రపు లోహానికి ఏ మార్పూ రాదు. ఇది స్ప్రే పెయింటింగ్‌కు గల మొదటి గుణం. వెండి మెరుపు గల రంగులను, కంపెనీ వేసిన రంగుకు సరిపోలే ఛాయలను కలుపుకొనే వీలు రెండవ గుణం. ఒక చిన్న గీత పడితే ఆ భాగాన్ని మాత్రమే రుద్ది, మళ్ళీ రంగు వేసి కలిపివేసే వీలు మూడవది.

పౌడర్ కోటింగ్ చరిత్ర ఇంతకంటె ఇటీవలిది. 1950ల తొలి సంవత్సరాలలో జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మర్ ఒక పద్ధతిని రూపొందించాడు. తొట్టిలో ప్లాస్టిక్ పొడి పోసి, అడుగు నుంచి గాలి ఊదితే ఆ పొడి నీటివలె కదలాడుతుంది. వేడి చేసిన లోహ వస్తువును అందులో ముంచితే పొడి అంటుకొని, కరిగి, పొరగా ఏర్పడుతుంది. కాచిన పాత్రపై తగరం కరిగి పరుచుకునే కళాయితో దీనికి గల పోలిక గమనించదగినది. 1960లలో విద్యుదావేశంతో పొడిని చల్లే పద్ధతి వచ్చి, నేడు సర్వత్రా వ్యాపించింది. రెజిన్, రంగు, గట్టిపరచే పదార్థం మూడూ ముందే కలిపి నూరిన పొడిని గన్ ద్వారా చల్లుతారు. గన్ కొన వద్ద సుమారు 60 వేల నుంచి లక్ష వోల్టుల విద్యుత్తు ఉంటుంది. చక్రాన్ని భూమికి తీగతో కలిపి ఉంచుతారు. ఆవేశం పొందిన పొడి రేణువులు అయస్కాంతం వైపు ఇనుపరజను వెళ్ళినట్లు చక్రాన్ని చేరి అంటుకుంటాయి. అప్పుడు చక్రాన్ని ఓవెన్‌లో పెట్టి, లోహం సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడి పొందిన తరువాత పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచుతారు. పొడి కరిగి, పారి, గట్టిపడుతుంది. ఒకసారి కాలిన కుండ మళ్ళీ మట్టి కానట్లే, ఒకసారి గట్టిపడిన ఈ పొర వేడి చేసినా తిరిగి కరగదు.

రెండు పూతలను పక్కపక్కన పెట్టి చూద్దాం. పౌడర్ పొర ఒక్క పూతలోనే 60 నుంచి 100 మైక్రాన్ల మందం వస్తుంది. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. స్ప్రేలో ఇంత మందం రావాలంటే అనేక పూతలు వేయవలసి ఉంటుంది. తొందరపడి ఒకేసారి వేస్తే రంగు కిందికి జారుతుంది. పౌడర్ పొర గులకరాళ్ళ దెబ్బలకు, రాపిడికి సాధారణంగా ఎక్కువగా ఓర్చుకుంటుంది. బ్రేకుల నుంచి వచ్చే వేడిని, ఇనుప ధూళిని కూడా తట్టుకుంటుంది. అయితే ఒకసారి అంచు పగిలి లోహం బయటపడితే, అక్కడ మాత్రమే అతుకు వేయడం సాధ్యం కాదు. మొత్తం పొరను తీసి మళ్ళీ వేయవలసినదే. పగిలిన చోటు నుంచి నీరు, ఉప్పు లోపలికి ప్రవేశిస్తే, పైకి చెక్కుచెదరనట్లు కనిపించే పొర కింద వానపాముల వంటి గీతలుగా క్షయం పాకుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాలలో గాలిలోని ఉప్పు దీనికి తోడ్పడుతుంది. కనుక గట్టి పూత వేయించాము, ఇక చూడనక్కరలేదు అనుకోవడం పొరపాటు.

పౌడర్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఎపాక్సీ పొడి లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తుప్పును బాగా ఆపుతుంది. కాని ఎండకు తట్టుకోలేదు. కొంతకాలానికి దాని ముఖం సున్నపుపొడివలె తేలి, మెరుపు పోతుంది. పాలియెస్టర్ పొడి ఎండకు నిలుస్తుంది. మన ప్రాంతపు ఎండలకు అడుగున ఎపాక్సీ ప్రైమర్, పైన పాలియెస్టర్ ఉండడం మేలైన పద్ధతి. ఇనుప గేట్లకు, కుర్చీలకు, బీరువాలకు పూత వేసే షెడ్డులో కారు చక్రాన్ని ఇచ్చేవారు, ఏ పొడి వేస్తున్నారో అడిగి తెలుసుకోవడం అవసరం.

విద్యుత్ సూత్రం వల్ల కలిగే ఒక ఇబ్బంది కూడా ఉన్నది. లోహపు పంజరం లోపలికి విద్యుత్ క్షేత్రం ప్రవేశించదని మైకేల్ ఫారడే 1836లో నిరూపించాడు. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఇది పరిచితమైన ప్రయోగమే. చక్రపు ఆకుల నడుమ గల లోతైన మూలలు అటువంటి పంజరాలుగా ప్రవర్తిస్తాయి. పొడి అంచులపై దట్టంగా పేరుకొని, మూలలకు చేరకుండా నిలిచిపోతుంది. అనుభవం గల పనివాడు విద్యుత్తును తగ్గించి, గన్ కోణాన్ని మార్చి, మూలలను ముందుగా పూరిస్తాడు. అనుభవం లేనివాని చేతిలో పైకి నిగనిగలాడే చక్రం మూలలలో బోసిగా మిగిలిపోతుంది. తుప్పు వెతుక్కునే చోటు సరిగ్గా అదే.

ఇప్పుడు వేడి ప్రశ్నకు వద్దాం. అల్లాయ్ చక్రం తన బలాన్ని దాదాపు 150 నుంచి 170 డిగ్రీల వేడిలో పొందినదని చెప్పుకున్నాము. పౌడర్ కోటింగ్ ఓవెన్ అంతకంటె వేడి. అయితే చక్రం చెడిపోదా? వేడితోపాటు కాలాన్ని కూడా లెక్కించాలి. 180 డిగ్రీల ప్రాంతంలో ఇరవై నిమిషాలు ఉండడం సాధారణంగా చక్రాలు తట్టుకునే విషయమే. చక్రాల తయారీదారులలో అనేకులు తామే పౌడర్ పూతను వాడుతున్నారు. ప్రమాదం అదుపు తప్పిన వేడిలో ఉన్నది. వేడిమాపకం సరిగా లేని ఓవెన్‌లో చక్రాన్ని పెట్టి మరచిపోయినా, పదేపదే పూత తీసి మళ్ళీ మళ్ళీ కాల్చినా, లోహంలోని ఆ సూక్ష్మకణాలు పెరిగి, బలం తగ్గుతుంది. ఇంతకంటె పెద్ద ప్రమాదం పాత పూతను తీసే పద్ధతిలో పొంచి ఉన్నది. ఇనుప వస్తువుల పాత రంగును 400 డిగ్రీల ప్రాంతంలో ఓవెన్‌లో కాల్చి తీయడం పారిశ్రామిక అలవాటు. బ్లో ల్యాంపు మంటతో కాల్చే అలవాటు కూడా ఉన్నది. అల్లాయ్ చక్రానికి ఈ రెండూ పనికిరావు. ఆ వేడికి టి-6 సంస్కారం చెడిపోతుంది. చక్రం ఆకారం మారదు, రంగు వేస్తే కొత్తదానివలెనే మెరుస్తుంది. బలం మాత్రం ఉండదు. రోడ్డు మీది గుంతలో పడిన నాడు ఆ విషయం బయటపడుతుంది. పూత దాస్తుందని మొదట చెప్పిన మాటకు ఇదే మొదటి ఉదాహరణ.

రెండవ ఉదాహరణ చీలిక. వంగిన అల్లాయ్ చక్రాన్ని కాచి సరిచేయడం, చీలికను వెల్డింగ్ చేయడం మన పట్టణాలలో జరుగుతూనే ఉన్నవి. వెల్డింగ్ చేసిన చోట లోహం కరిగి గడ్డకడుతుంది కనుక అక్కడి పూర్వపు బలం తిరిగి రాదు. దాని మీద లప్పం పెట్టి, రుద్ది, రంగు వేస్తే ఎంతటివారికైనా ఆనవాలు తెలియదు. కనుక పూతకు ముందే, పాత రంగు తీసిన తరువాత, వట్టి లోహాన్ని పరీక్షించాలి. చొచ్చుకుపోయే రంగు ద్రవాన్ని పూసి, తుడిచి, తెల్లని పొడి ద్రవాన్ని చల్లితే, చీలికలో మిగిలిన రంగు పైకి ఉబికి గీతగా కనిపిస్తుంది. ఇది సులభమైన, ఖర్చు తక్కువైన పరీక్ష. చీలిక ఉన్న చక్రానికి ఏ పూతా మేలు కాదు. దానిని మార్చడమే మేలు. పాత చక్రాలను కొనేవారు కొత్తగా రంగు వేసిన చక్రాన్ని చూసి సంతోషించడానికి ముందు కొంత సందేహించడం వివేకం.

ఏ పూతకైనా ప్రాణం శుద్ధి. టైరు, వాల్వు, బరువు ముక్కలు, టైరు గాలిని తెలిపే సెన్సార్ ఉంటే అది, అన్నీ ముందుగా తీసివేయాలి. పాత పూతను అల్లాయ్‌కు తగిన రసాయనంతోనో, సన్నని రజనును గాలితో కొట్టే బ్లాస్టింగ్‌తోనో తీయాలి. జిడ్డును కడగాలి. ఉక్కుకు ఫాస్ఫేట్ ద్రావణంతో, అల్యూమినియానికి దానికి తగిన రసాయన ద్రావణంతో ఒక పలుచని పొర ఏర్పరచాలి. కళాయికి నవాసారం ఎటువంటిదో పూతకు ఈ మెట్టు అటువంటిది. అచ్చులో పోసిన లోహంలో సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోని గాలి, జిడ్డు వేడికి బయటికి వచ్చి పౌడర్ పొరలో బుడగలు లేపుతాయి. అందుచేత పొడి చల్లడానికి ముందే చక్రాన్ని ఒకసారి కాచి, ఆ గాలిని వెళ్ళగొట్టడం మంచి షెడ్ల ఆచారం. చిన్న గాయాలకు సాధారణ లప్పం నింపిన చక్రం పౌడర్‌కు పనికిరాదు. ఆ లప్పం ఓవెన్ వేడికి నిలువదు. విద్యుత్తును ప్రసరింపజేయదు కనుక పొడి కూడా దానికి సరిగా అంటదు. అటువంటి చక్రానికి స్ప్రేయే మార్గం.

పూత వేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. చక్రం హబ్బుకు ఆనే ముఖం, నట్టులు కూర్చునే గుంటలు, ఈ రెండింటినీ మూసి ఉంచి పూత వేయాలి. నట్టు బిగింపు లోహంపై లోహానికి ఉండాలి. మధ్యలో దట్టమైన రంగు పొర ఉంటే, బ్రేకుల వేడికి మెత్తబడి, ఒత్తిడికి నలిగి పలుచబడుతుంది. పొర పలుచబడినంత మేరకు నట్టు బిగువు సడలుతుంది. నట్టు ఊడి చక్రం జారిపోవడానికి ఇది చాలు. చక్రం నిండా ఒకే రంగు ఉంటే అందమని నట్టు గుంటలకు కూడా రంగు కొట్టించుకోవడం మానుకోవాలి. పూత తరువాత చక్రాలు బిగించినప్పుడు టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరొకసారి సరిచూసుకోవాలి. వీల్ బ్యాలెన్సింగ్ తిరిగి చేయించాలి.

ఇంతవరకు వాహనంలో కూర్చునేవారి క్షేమాన్ని గురించి చెప్పుకున్నాము. రంగు వేసేవాని క్షేమం కూడా ఈ ఎంపికలో భాగమే. పాలియురెథేన్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలుంటాయి. ఈ పేరు మన దేశానికి కొత్తది కాదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడుమ రాత్రి భోపాల్‌లో వేలాది ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసయనేట్ ఈ కుటుంబానికి చెందినదే. రంగుల హార్డెనర్‌లో ఉండేది ఆ వాయువు కాదు. దానివలె తేలికగా ఆవిరయ్యేదీ కాదు. కాని గన్ నుంచి తుంపరగా వెలువడినప్పుడు ఊపిరితిత్తులలోకి చేరుతుంది. వృత్తి వల్ల కలిగే ఉబ్బసానికి ప్రపంచమంతటా ఇది ప్రధాన కారణాలలో ఒకటి. ఒకసారి శరీరం దీనికి స్పందించడం మొదలుపెడితే, ఆ తరువాత అతి స్వల్పమైన మోతాదు కూడా తీవ్రమైన ఆయాసాన్ని తెస్తుంది. అటువంటివాడు వృత్తినే వదులుకోవలసి వస్తుంది. హాని చేసే మోతాదులో కూడా దీని వాసన తెలియదు. ముఖానికి కట్టుకున్న చేతిరుమాలు దీనిని ఆపలేదు. బయటి శుద్ధమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు, పొగను లాగివేసే గది ఉండాలి. రోడ్డు పక్క షెడ్డులో రుమాలు కట్టుకొని రంగు చల్లుతున్న యువకులు మన ఇళ్ళ పిల్లలే. రోగి గొంతుకు మందు చల్లడానికి పుట్టిన సాధనం ఆరోగ్యవంతుని గొంతుకు హాని చేయడం విచారకరం.

పౌడర్ కోటింగ్‌లో థిన్నర్ లేదు. ఆవిరై గాలిలో కలిసే విషం దాదాపు లేదు. చక్రానికి అంటక కిందపడిన పొడిని పోగుచేసి మళ్ళీ వాడవచ్చు. మామూలు స్ప్రే గన్‌తో చల్లిన రంగులో వస్తువును చేరేది మూడవ వంతు ప్రాంతమే. మిగిలినది గాలిపాలు, నేలపాలు. ఈ విషయంలో పౌడర్ నిస్సందేహంగా మేలైనది. అయితే ఇదీ పూర్తిగా నిరపాయం కాదు. గాలిలో దట్టంగా లేచిన పొడి నిప్పురవ్వకు పేలగలదు. కొన్ని పాలియెస్టర్ పొడులలో వాడే టి.జి.ఐ.సి. అనే గట్టిపరచే పదార్థం హానికరమైనది. ఐరోపా దేశాలు దానిని విషపదార్థంగా వర్గీకరించిన తరువాత, అది లేని పొడులు వ్యాప్తిలోకి వచ్చాయి. ధూళిని ఆపే ముసుగు ఇక్కడ కూడా తప్పనిసరి.

ఇక నిర్ణయానికి వద్దాం. చక్రం ఉక్కుదై, తుప్పు పట్టి ఉండి, వంకర లేనిదైతే, బ్లాస్టింగ్, ఫాస్ఫేట్, ప్రైమర్‌లతో కూడిన పౌడర్ కోటింగ్ ఉత్తమం. ఉక్కు ఆ వేడిని లెక్కచేయదు. మందమైన పొర చాలాకాలం కాపాడుతుంది. చక్రం అల్లాయ్‌దై, నాలుగింటికీ పూత వెలిసి, లోహం మాత్రం చెక్కుచెదరక ఉంటే, వేడిని సరిగా కొలిచే షెడ్డు దొరికినప్పుడు పౌడర్ కోటింగ్ మంచిది. అటువంటి షెడ్డు దొరకనప్పుడు శ్రద్ధగా చేసిన స్ప్రే పెయింటింగే మంచిది. ఒకే చక్రానికి చిన్న గీత పడినా, కంపెనీ రంగుతో కచ్చితంగా కలవాలన్నా, లప్పం నింపవలసి వచ్చినా స్ప్రేనే ఎంచుకోవాలి. అద్దంవలె కోసిన ముఖంపై పారదర్శకపు పూత మాత్రమే ఉన్న చక్రాలకు ఆ ముఖాన్ని యంత్రంపై మళ్ళీ కోయవలసి ఉంటుంది. ప్రతి కోతకూ లోహం తరుగుతుంది కనుక అది అనేకమార్లు చేయదగిన పని కాదు. బజారులో దొరికే డబ్బా స్ప్రే తాత్కాలికమైన మెరుపునకే. పెట్రోలు, బ్రేక్ ఆయిల్ తగిలితే చాలావరకు ఊడిపోతుంది.

షెడ్డుకు వెళ్ళినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని చాలు. పాత పూతను ఎలా తీస్తారు? తీసిన తరువాత చీలికలు చూస్తారా? ఆ దశలో నన్ను చూడనిస్తారా? ఓవెన్‌లో గాలి వేడిని కొలుస్తారా, చక్రపు లోహం వేడిని కొలుస్తారా? ఏ పొడి వాడతారు? నట్టు గుంటలను మూస్తారా? రంగు చల్లే పనివానికి గాలి ముసుగు ఉన్నదా? చివరి ప్రశ్న తనకు సంబంధించినది కాదని యజమాని అనుకోవచ్చు. కాని పనివాని ఊపిరిని లెక్కచేయని షెడ్డు చక్రపు బలాన్ని మాత్రం లెక్కచేస్తుందని నమ్మడం కష్టం. ఈ ప్రశ్నలకు విసుగు లేకుండా సమాధానం చెప్పే పనివాడు దొరికితే, కొంచెం ఎక్కువ కూలి ఇచ్చినా నష్టం లేదు.

మన విద్యార్థులలో కొందరు రేపు ఈ వృత్తులలోనే ప్రవేశిస్తారు. అనేకులు వాహనాలకు యజమానులవుతారు. భౌతిక, రసాయన శాస్త్రాల పాఠాలు పరీక్షలతో ముగిసేవి కావని, వీధి చివరి షెడ్డులో కూడా అవి ప్రతిదినం పనిచేస్తున్నవని గ్రహించాలి. పైపూతను చూసి లోహాన్ని అంచనా వేయడం సులభం. పూత తీసి లోహాన్ని చూడడం శ్రమతో కూడిన పని. చక్రం విషయంలో ఆ శ్రమ తీసుకున్నవారే క్షేమంగా ఇల్లు చేరుతారు.